జుమ్మా లాల్చీ తెలుపు

జమ్మలమడుగు,
6 జులై 2024

తమ్ముడు నూర్ అహ్మద్‌కు ఆపా సైదున్నీసా సలాం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ ఎప్పుడూ జువేరియా చేతిలోనే ఉంటుంది. చీరల గిరాకీలతో మాట్లాడేది అదే కదా. పోనీ నేనే లాక్కొని నీతో మాట్లాడితే రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటాం, వీధంతా వింటుంది. మనకు ఉర్దూ అరవడం వచ్చు, రాయడం రాదు. అందుకని బడిలో నేర్చుకున్న తెలుగులో తిడుతున్నాను. ఫోటోల కోసం చీరల మూట నీ స్టూడియోకు తెచ్చే నా కూతురు జువేరియా చేతికే ఈ కవరు ఇస్తున్నా, మైదా జిగురుతో గట్టిగా అంటించి.

పోయిన నెల ఐదు చీరలు తిరిగొచ్చాయి. రాజుపాలెం టీచరమ్మ మాటలు విను: "ఏందమ్మా ఇది, ఫోటోలో గంధం రంగు చూపిచ్చి ఉల్లిపొర పంపినారే! కండ్లు కనపడవా మీకు?" నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. కనిపించనిది నీ కెమెరాకు. మగ్గం దగ్గర నేను చూసి తెచ్చిన రంగు ఒకటి, నువ్వు తీసేది ఇంకొకటి. ఫోటో ఎవరు తీస్తారని అడిగితే తమ్ముడని చెప్పలేక, ఎవరో ప్రొద్దుటూరు ఆయన అంటున్నాను.

ఈ ఉత్తరానికి మూడు దారప్పోగులు గుచ్చాను. ఇవీ ఆ చీరల అసలు రంగులు. నీ ఫోటోల పక్కన పెట్టుకొని చూడు, సిగ్గేస్తుంది. మీ దూలేభాయ్, జువేరియా నాన్న, పోయాక మా ఇద్దరికీ ఈ చీరలే ఆధారమని నీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. చీర భుజాన వేసుకొని నిలబడేది జువేరియానే అయినా, మొహం రాకుండా తీయి. మనం అమ్మేది చీరలు.

సైదున్నీసా


ప్రొద్దుటూరు,
14 జులై

ఆపాకు నూర్ సలాం.

ఆడలేక మద్దెల ఓడు అంటావని తెలుసు. అయినా చెబుతున్నా, తప్పు నాది కాదు, వెలుతురుది. మన కన్ను గడుసుది. ట్యూబులైటు కిందైనా, ఎండలోనైనా తెల్ల కాగితాన్ని తెల్లగానే చూపిస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. ట్యూబులైటు కింద ఆకుపచ్చగా, బల్బు కింద పసుప్పచ్చగా, మబ్బు పట్టిన రోజు నీలంగా కనిపించింది కనిపించినట్టు రాసుకుంటుంది. ఇన్నాళ్లూ దాన్ని ఆటో మోడ్‌లో వదిలేశాను, అంటే దానికి తోచిన రంగు అది వేసుకుంది.

వారం రోజులు కూర్చొని వీడియో పాఠాలు చూశాను. మందు చాలా సులువు. ఏ వెలుతురులో తీస్తామో ఆ వెలుతురులోనే కెమెరాకు ఒక తెల్ల వస్తువు చూపించి, "ఇదిగో, తెలుపంటే ఇది" అని నేర్పాలి. అప్పుడు మిగతా రంగులన్నీ వాటంతట అవే దారికొస్తాయి. కిటికీ దగ్గర ఒకసారి, స్టూడియో లైట్ల కింద ఒకసారి, ఇలా వెలుతురు మారినప్పుడల్లా నేర్పాలి.

మరి తెల్ల వస్తువు ఏది? ప్రొద్దుటూరు మొత్తంలో, శుక్రవారాలు తొడిగే నా జుమ్మా లాల్చీ కంటే తెల్లనిది నాకు తోచలేదు. నీ మరదలు ఉతికితే ఎలా ఉంటుందో తెలుసు కదా. నమాజులో నా వెనక వరుస వాళ్ళు కళ్ళు చికిలించుకుంటారు. దాన్ని స్టూడియోలో మేకుకు తగిలించి, కెమెరాకు చూపించి, చీరలన్నీ మళ్ళీ తీశాను. ఇక చూడు.

మొహం లేకుండా తీస్తే దండెం మీద చీర ఆరేసినట్టుంది ఆపా. తల మీద దుపట్టా ఉంది కదా అని మొహం కూడా రానిచ్చాను. కోప్పడకు.

నూర్


జమ్మలమడుగు,
25 ఆగస్టు

తమ్ముడికి సలాం.

నీ లాల్చీ మహిమ చూశాను. నెమలికంఠం చీర చిలకపచ్చ అయింది. వంకాయ రంగు చీర మెరూన్ అయింది. ఈసారి తిరిగొచ్చినవి ఏడు. వెనక ఒక్కో చీరకు ఒక్కో తప్పు ఉండేది, ఇప్పుడు అన్నిటికీ ఒకటే తప్పు. దీన్ని అభివృద్ధి అనుకోమంటావా?

అయినా నిన్ను తిట్టడానికి మనసు రావడం లేదు. రొట్టె విరిగి నేతిలో పడింది. పులివెందులలో లాల్‌బీ అని ఒకామె ఆ వంకాయ రంగు చీరే తెప్పించుకుంది. ఫోన్ చేస్తే, తిరిగి పంపుతుందేమో అనుకున్నాను. ఆమె చీర ఊసే ఎక్కువ ఎత్తలేదు. "ఫోటోలో రంగు వేరే, చేతికొచ్చింది వేరే. కానీలే, ఉంచుకుంటా. అది సరే గాని, చీర ఏసుకోని నిలబన్న్యా పాప ఎవరమ్మా?" అంది. ఒక్కడే కొడుకట, ఖాసిం వలీ. బోరు మోటార్లు బాగుచేసే షాపు సొంతానికి ఉందట.

నీకు తెలుసు, ఇప్పటికి రెండు సంబంధాలు వచ్చి పోయాయి. దువ్వూరు వాళ్ళూ, కమలాపురం వాళ్ళూ వచ్చి బిర్యానీ తిని, పిల్లను చూసి, చెప్పి పంపుతామని పోయారు. ఎవరూ చెప్పి పంపలేదు. పిల్ల బీకాం చదివింది, నడక మంచిది, వంట మంచిది. కారణమేమిటో ఎవరూ నోరు తెరిచి అనకపోయినా నాకు తెలుసు. అలాంటిది నీ ఫోటోలో నా బిడ్డ పసిమి ఛాయలో మెరిసిపోతోంది. నా బిడ్డేనా అని నేనే రెండుసార్లు చూశాను.

కాబట్టి చీరల రంగు సరిచేయి. పిల్ల జోలికి మాత్రం పోవద్దు.

సైదున్నీసా


ప్రొద్దుటూరు,
15 సెప్టెంబరు

ఆపాకు,

దొంగ దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు.

మీ చీరలు ఏడు తిరిగొచ్చాయని తెలిశాక, హైదరాబాదు నుంచి రెండు అట్టలు తెప్పించాను. ఒకటి గచ్చకాయ రంగుది. మన చిన్నప్పుడు అరుగు మీద ఎగరేసి ఆడుకున్న గచ్చకాయలు గుర్తున్నాయా, అచ్చం ఆ బూడిద రంగే. ఏ రంగు వైపూ మొగ్గని రంగట అది. రెండో దాని మీద ఇరవైనాలుగు రంగుల గళ్ళున్నాయి. ఆ గళ్ళ అసలు రంగులేమిటో కంప్యూటరుకు ముందే తెలుసు. ఫోటోలో ఎంత తేడాగా వచ్చాయో అది చూసుకొని, అంత తేడానూ మిగతా ఫోటోలో సరిచేస్తుంది. గచ్చకాయ అట్టతో కెమెరాకు నేర్పి, ముందుగా నా లాల్చీనే ఫోటో తీశాను. లాల్చీ నీలంగా వచ్చింది! లేత ఆకాశంలా ఉంది.

నీ మరదల్ని అడిగితే, "తెల్లబట్టకు నీలిమందు ఎయ్యకుండా ఎవరన్నా ఉతుకుతారా? అందరూ నాలుగు చుక్కలేస్తే నేను మూత నిండా ఏస్తా. అందుకే నీ లాల్చీ అంత తెల్లగుండేది" అంది గర్వంగా. అర్థమైందా? నీలాన్ని చూపించి ఇదే తెలుపని నేర్పాను. కెమెరా పాపం నా మాట నమ్మి, ఆ నీలాన్ని చంపడానికి ప్రతి ఫోటో మీదా పసుపు కుమ్మరించింది. అందుకే నెమలికంఠం చిలకపచ్చ, వంకాయ మెరూన్. ఈ సంగతి చెబితే నీ మరదలు, "మీ ఆపా చీరలు తిరిగొస్తే నా నీలిమందుదా తప్పు?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మొన్న అన్నీ మళ్ళీ తీశాను. నువ్వు గుచ్చి పంపిన దారాలు ఫోటో పక్కన పెట్టి చూశాను. పోగు తేడా లేదు. ఒట్టు.

ఇక అసలు చిక్కు. చీర ఎంత సరిగ్గా వచ్చిందో జువేరియా అంత సరిగ్గా వచ్చింది. చామనఛాయ కంటే ఒక వన్నె తక్కువ, మన అమ్మ రంగు. ఆ పసిమి అంతా లాల్చీదే. చీరా పిల్లా ఒకే వెలుతురులో, ఒకే ఫోటోలో ఉన్నారు ఆపా. ఒకరికి నిజం, ఇంకొకరికి అబద్ధం చెప్పడం కెమెరాకు రాదు.

నూర్


జమ్మలమడుగు,
22 సెప్టెంబరు

నూర్,

కెమెరాకు రాకపోతే నువ్వు నేర్పు. లాల్చీని తెలుపని నేర్పినవాడివి ఇది నేర్పలేవా? పదేళ్లుగా ప్రొద్దుటూరు పెళ్ళికూతుళ్ళందరినీ ఆల్బముల్లో పాలరాతి బొమ్మలు చేసింది ఎవరు? ఊరందరికీ చేసినవాడికి సొంత మేనకోడలి దగ్గర నిజాయితీ పుట్టుకొచ్చిందా?

చీరలు ఈ వారం ఒక్కటీ తిరిగి రాలేదు. సంతోషమే, కాదనను. కానీ లాల్‌బీ ఇంకో ఫోటో అడిగింది, పిల్లది మాత్రమే. ఇప్పుడు ఈ కొత్త ఫోటో పంపితే ఆమె ఏమనుకుంటుంది? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క లాల్చీ అడుగుతున్నాను.

దానికి ఇరవైఆరు వచ్చాయి. రెండోసారి వాళ్ళు చెప్పి పంపుతామని లేచిపోయినప్పుడు అది వాళ్ళు తిన్న పళ్ళేలు కడిగి బోర్లించి, ఫోన్ తీసుకొని చీరల ఆర్డర్లు చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది గాని దాని ముందు ఏడవలేదు. మూడోసారి ఆ పళ్ళేలు నేను చూడలేను తమ్ముడూ.

చీరలకు అట్ట పెట్టు. పిల్లకు లాల్చీ పెట్టు.

నీ ఆపా


ప్రొద్దుటూరు,
6 అక్టోబరు

ఆపాకు,

నువ్వడిగిన ఫోటో ఇందులో పెట్టాను. బాగా వచ్చింది. పసిమిలో మెరుస్తోంది.

చీరలన్నీ అట్టతో తీసి, చివర్లో నీ కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోమని, మేకుకున్న లాల్చీని కెమెరాకు చూపించాను. అది నా చేతి వంకే చూస్తోంది. "మామూ, నాకు అట్ట పెట్టవా?" అంది. "చీరలకే అట్ట. మనుషులకు అక్కర్లేదు" అన్నాను. దుపట్టా సర్దుకొని, నవ్వమంటే నవ్వింది.

పదేళ్లుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈ ఒక్క ఫోటోకు సిగ్గేసింది ఆపా. చెప్పకుండా ఉండలేక చెబుతున్నా. చీర విషయంలో ఒక్క వన్నె తేడా వస్తే బస్సులో వేసి తిరిగి పంపే జనం, మొహం విషయంలో నిజం తీస్తే నా స్టూడియో మెట్లెక్కరు. ఇద్దరికీ నేను ఒక్కణ్ణే ఫోటోగ్రాఫర్ని.

నూర్


జమ్మలమడుగు,
10 నవంబరు

తమ్ముడికి సలాం.

నీ సిగ్గు తరువాత పడుదువు. ఫోటో లాల్‌బీకి నచ్చింది. ఇరవైనాలుగో తారీకు ఆదివారం పగలు మా ఇంటికి వస్తున్నారు. అబ్బాయి ఫోటో కూడా పంపారు. తెల్లచొక్కాలో పాలల్లో ముంచి తీసినట్టున్నాడు. అది చూశాక నా భయం రెండింతలైంది.

వచ్చినవాళ్ళు ఫోటోలో పిల్లనే చూడాలి. ముందు గదికి ఏ లైటు పెట్టాలో చెప్పు. వెలుతురుల గురించి అంత పాఠం చెప్పావు కదా, ఇప్పుడు ఉపయోగపడు.

సైదున్నీసా


ప్రొద్దుటూరు,
17 నవంబరు

ఆపాకు,

కెమెరాను ఇంటికి సరిచేయడం నేర్చుకున్నాను గాని, ఇంటిని ఫోటోకు సరిచేయమన్నది నువ్వే మొదటిదానివి. సరే, ఒకసారి మునిగాక చలి ఏముంది.

మూటలో రెండు పసుపు బల్బులు పెట్టాను. ట్యూబులైటు అసలు వేయకు. కిటికీకి దుప్పటి కట్టు, బయటి వెలుతురు ఒక్క చార కూడా పడకూడదు. పిల్లను బల్బుకు ఎదురుగా కూర్చోబెట్టు. గోడ మీది నీలం క్యాలెండరు తీసేయి. ఇవన్నీ చేస్తే లాల్చీ ఫోటోకు దగ్గరగా వస్తుంది.

నికా అయ్యాక ప్రతి రోజూ ఆ బల్బులే వెలిగించుకోవాలా అని నీ మరదలు అడుగుతోంది.

నూర్


జమ్మలమడుగు,
4 డిసెంబరు

తమ్ముడూ,

జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఫోన్లో చెప్పాలంటే నోరు రాదు.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. లాల్‌బీ, ఆమె చెల్లెలు వచ్చారు. అబ్బాయి రాలేదు. లోపలికి అడుగు పెట్టగానే లాల్‌బీ బల్బు వంక చూసి, "పట్టపగలు దీపాలేంది?" అంది. కిటికీకి గాలి ఎక్కువని ఏదో చెప్పాను. టీ తాగింది. జువేరియా వచ్చి కూర్చుంది. ఆమె ఒక నిమిషం చూసి, తన సంచిలోంచి మన వంకాయ రంగు చీర తీసి, "చీర కొనేటోళ్లు ఎండలో పెట్టి చూడకుండా కొంటారా? రా పాపా, వాకిట్లేకి పోదాం" అంది.

ఇంకో టీ పోస్తానన్నాను. నా కూతురు మాత్రం లేచి ఆమె వెంట టక్కున పోయింది.

వాకిట్లో మంచి ఎండ. లాల్‌బీ ఆ చీరను జువేరియా భుజం మీద పరిచి, పక్కన ఫోన్ పట్టుకొని మన పాత ఫోటో చూపించింది. "మా నాయన నూలుకు రంగులేసేటోడు. నేను పుట్టింది రంగు తొట్ల పక్కన. ఈ చీర ఫోటోలో మెరూన్, చేతికొస్తే వంకాయ. అంటే ఫోటోలో పసుపు పడిండాది. చీర మీద ఎంత పసుపు పడిండాదో, పాప మొకం మీదా అంతే పడింటాది కదా? ఆ పొద్దే అంత పసుపు తీసేసి చూసుకున్నా. పాప ఇట్లనే ఉంటాదని తెలిసే అడిగినా సైదున్నీసా. మళ్ళా ఒక ఫోటో పంపితివి చూడు, శానా నవ్వుకున్నా" అంది.

వాకిట్లో గుంత తవ్వుకొని దిగిపోదామనిపించింది. నీ ఇరవైనాలుగు గళ్ళ అట్ట ఆమె దగ్గర ముందే ఉంది, మనం అమ్మిన చీరే ఆ అట్ట. అంత తెలిసి, పిల్ల నచ్చిందని ఆమె నోటితో ఆమే అంది. సంతోషంతో చక్కెర డబ్బా కోసం లోపలికి తిరిగాను.

అప్పుడు నోరు తెరిచింది నీ మేనకోడలు. "మీ అబ్బాయి ఫోటోలో తొడుక్కున్న చొక్కా పంపిస్తారా?" అంది. ఎందుకని లాల్‌బీ అడిగితే, "మీరు చీర చూసి నన్ను కనుక్కున్నారు. నేను దేన్ని చూసి కనుక్కోవాలి?" అంది.

మగపెళ్ళివారి చొక్కా అడిగిన పిల్లను ఎక్కడైనా చూశావా? లాల్‌బీ మొహం చిన్నబోయింది. చెల్లెలి వంక చూసి, చెప్పులేసుకొని పోయింది. పది రోజులైంది. ఫోన్ లేదు, కబురు లేదు. రంగు తక్కువని రెండు పోయాయి. రంగు నచ్చిన ఒక్కటీ దీని నోటి వల్ల పోయింది. దుఃఖం ఆగడం లేదు తమ్ముడూ. కానీ దాన్ని తిట్టడానికి నోరు రావడం లేదు. ముందు దీపాలు పెట్టింది నేను కదా.

నీ ఆపా


జమ్మలమడుగు,
12 డిసెంబరు

మామూకు జువేరియా సలాం.

ఈసారి కవరులో అమ్మ ఉత్తరం లేదు, నాదే ఉంది. అమ్మకు తెలియదు.

మొదటి నుంచీ ఉత్తరాలన్నీ చదివాను. అమ్మ జిగురు పూసిన ఐదు నిమిషాలకే కవరు నా చేతికిస్తుంది. బస్సెక్కేలోపు మైదా ఆరదు. ప్రొద్దుటూరు వచ్చేసరికి చదివి మళ్ళీ అంటించేదాన్ని. నువ్వు కొట్టే స్టేప్లరు పిన్నులైతే ఇంకా సులువు. నా రంగు గురించి మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలు మోసింది నేనే, టికెట్టు కూడా నా డబ్బుతోనే.

లాల్చీ చూపించి నా ఫోటో తీసిన రోజు నువ్వు ఏం చేస్తున్నావో నాకు తెలుసు. అయినా కూర్చున్నాను, అమ్మ కోసం. తిరిగి పోతూ బస్సులో ఏడ్చాను. తరువాతి వారం నీ ఉత్తరంలో సిగ్గేసిందని చదివాక నీ మీద కోపం పోయింది. కాస్త పోయింది.

నిన్న పులివెందుల నుంచి పార్శిల్ వచ్చింది. చొక్కా. ఫోటోలో మల్లెపువ్వులా ఉన్న చొక్కా చేతికొస్తే లేత నీలం, జేబు దగ్గర మోటారు గ్రీజు మరక కూడా ఉంది. అక్కడి ఫోటోగ్రాఫరు ఎంత సున్నం కొట్టాడో లాల్‌బీ లెక్క ప్రకారమే చూసుకున్నాను. సున్నమంతా గీకేస్తే అతను నాకంటే ఒక గడి నలుపు. చొక్కా మడతలో చీటీ ఉంది, లాల్‌బీ రాసింది: "చొక్కా ఇదే. ఉతికి పంపుదామంటే వద్దన్యాడు. పిల్లోడు నల్లగుంటాడు. నవ్వు మాత్రం ఫోటోలోదే."

చొక్కా అందిందని లాల్‌బీకి ఫోన్ చేశాను. దాన్ని ఇవ్వడానికి వాళ్ళకు పదిహేను రోజులు పట్టిందట, ఎందుకంటే ఆ ఫోటో తనకు తెలియకుండా మార్చారని అతను ఇంట్లో గొడవ చేశాడట. ఈ మాట మాత్రం నాకు నచ్చింది.

ఆదివారం తల్లీ కొడుకూ ప్రొద్దుటూరులో నీ స్టూడియోకు వస్తున్నారు. అక్కడే చూసుకుందామని చెప్పింది నేనే. నేనింకా ఒప్పుకోలేదు. అమ్మకు మాత్రం ఒప్పుకున్నానని చెప్పాను, పాపం రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆ వెయ్యి అబద్ధాల్లో ఒకటి నా వంతుకూ రావాలి కదా.

లైట్లేవీ వేయకు. కిటికీ తెరిచి పెట్టు. గచ్చకాయ అట్ట ముందు అతను పట్టుకోవాలి, తరువాత నేను పట్టుకుంటాను. లాల్చీ మాత్రం ఇంట్లో పెట్టి రా.

నీ మేనకోడలు
జువేరియా